ఇరవై ఆరు కేజీల చైనా బస్తా

ముందు టీ తాగండి, చైనా కబుర్లు తర్వాత. నేనూ మా అక్కా చైనా వెళ్లకముందే మా సూట్‌కేసు ఒక్కటే ఎవరికీ చెప్పకుండా ఆళ్లగడ్డ వెళ్లింది. ఆ సంగతి మీకు తెలీదు కదా! సిగ్గేసి ఇన్నాళ్లూ నోరెత్తలేదు. ఇప్పుడు క్షేమంగా తిరిగొచ్చేశాం కాబట్టి చెప్పేస్తున్నా. నవ్వితే నవ్వండి గానీ టీ మీద పోసుకోకండి.

మా అక్క సలోమి ఆళ్లగడ్డలో స్టాఫ్ నర్సు. ముప్పై ఏళ్లు వార్డుల్లో నిలబడి నిలబడి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. డాక్టరు ఆపరేషన్ చేయాల్సిందే అన్నాడు. మా అక్క ఏమందో తెలుసా? "చేపిచ్చుకుంటా సార్. దానికంటే ముందు నా సొంత మోకాళ్లతో ఆ చైనా గోడ ఎక్కొస్తా." ఆరో తరగతి సోషల్ పుస్తకంలో ఆ గోడ బొమ్మ చూసినప్పట్నుంచీ అదే పిచ్చి. జూన్‌లో ఆపరేషన్ అనుకున్నారు, మేలో ప్రయాణం. తోడు నేను. నంద్యాలలో లెక్కల టీచర్ని, వేసవి సెలవులున్నాయి. పైగా ఏ పనికైనా లిస్టు రాయడంలో నన్ను మించినవాళ్లు జిల్లాలోనే లేరని నా గట్టి నమ్మకం.

మాకు హైదరాబాద్ దాటితే కొత్త. చైనా అంటే మాటలా! అక్కడ మన వాట్సాప్ పలకదట, మన మ్యాపు పలకదట. నోటు తీసి ఇస్తే వింతగా చూస్తారట, అంతా ఫోన్లో స్కానింగే. వాళ్ల యాప్‌లు ఇక్కడే వేసుకున్నా. హోటల్ అడ్రసు వాళ్ల లిపిలో ప్రింటు తీయించా. "బాత్రూం ఎక్కడ?", "మాకు పాము వద్దు", "మా అక్కకి మోకాళ్ల నొప్పులు, కుర్చీ ఇవ్వండి" అని ముప్పై రెండు కార్డులు చైనా భాషలో వేయించి లామినేషన్ చేయించా. ఎక్కడికెళ్లినా వేడినీళ్లే ఇస్తారని విని, రెండు ఫ్లాస్కులు కొన్నా. ఆవకాయ కారిపోతుందని మానేసి కందిపొడి కొట్టించా. వీటన్నిటికీ ఒక పెద్ద లిస్టు. అందులో నెంబర్ వన్, ఎర్ర ఇంకుతో, కింద రెండు గీతలతో: పాస్‌పోర్టులు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి.

గుర్తుపెట్టుకోండి. నేనే రాశాను.

ఇక సూట్‌కేసు. గుడ్డ సూట్‌కేసు, కొత్తది, నీలం రంగు. ఎయిర్‌పోర్టుల్లో విసిరేస్తారు, గీతలు పడతాయి అని ఎవరో అన్నారు. అంతే, నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. మనవైపు పార్సిల్ భద్రంగా పోవాలంటే ఏం చేస్తాం? సంచిలో పెట్టి కుట్టేస్తాం! మా వీధి చివర బియ్యం మిల్లు ఉంది కదా, అందులో గుమాస్తా ఖాసిం అన్న మాకు బాగా కావలసినవాడు. అడిగితే రెండు కొత్త ఖాళీ సంచులు ఇచ్చాడు. వాటిని కోసి, కలిపి, సూట్‌కేసుకి తొడిగి, దబ్బనంతో నా చేత్తో నేనే కుట్టా. చక్రాలు కూడా లోపలే. తెల్లటి సంచి, మధ్యలో మిల్లువాళ్ల గులాబీపువ్వు బొమ్మ. చూసుకుని ఎంత మురిసిపోయానో!

మంగళవారం పొద్దున ఇది. మర్నాడు సాయంత్రం మా రైలు, ఆ తర్వాత రోజు విమానం.

విమానంలో ఇరవై మూడు కేజీలే ఒప్పుకుంటారు. ఇంట్లో బరువు చూసే మిషన్ మీద పెడితే సూట్‌కేసే అంకెల్ని కప్పేస్తోంది. దానికేం, మిల్లులో పెద్ద కాటా ఉంది కదా అని ఆటోలో వేసుకుని వెళ్లా. అక్కడ లారీకి బస్తాలు ఎక్కిస్తున్నారు. ఖాసిం అన్న కాటా చూపించాడు. "పెట్టండి మేడం, చూసుకోండి."

పెట్టా. ఇరవై ఆరు! మూడు కేజీలు ఎక్కువ. ఫ్లాస్కులు తీసేద్దామా, కందిపొడి తీసేద్దామా అని ఆలోచిస్తుంటే ఫోన్ మోగింది. అక్క. మిల్లు మోతలో ఏమీ వినపడక బయటికొచ్చా.

"వీసాలో నా పేరు సరిగ్గా ఉండాదా? ఒకసారి చూసి చెప్పు."

ఇద్దరి పాస్‌పోర్టులూ నా దగ్గరే. చేతిసంచి తెరిచా. లేవు! అప్పుడు గుర్తొచ్చింది. కుట్టేముందు మంచం మీద కాగితాలు చెల్లాచెదురుగా ఉంటే, కాసేపు ఉండనీ అని అన్నీ ఒక ఫైల్లో పెట్టి సూట్‌కేసు మూత లోపలి జేబులో దోపా. ఆ పైన కుట్టేశా. పోనీలే, కుట్టినదాన్ని ఎవరు ముట్టుకుంటారు!

"భద్రంగా ఉండాయక్కా" అన్నా.

ఫోన్ పెట్టేసి లోపలికొస్తే కాటా ఖాళీ. బయట లారీ కూడా లేదు.

లారీలోకి ఎక్కించిన బస్తాలు కూడా ఒక్కొక్కటి ఇరవై ఆరు కేజీలేనట. ఇరవై ఐదు కేజీల దాకా జీఎస్టీ పడుతుందని, అది దాటించి అలా కడతారట. లెక్కల టీచర్ని నేను, నాకు తట్టొద్దూ! బస్తాలు మోసిన హమాలీని పట్టుకుని అడిగా.

"గులాబీ బొమ్మ ఉండాది. కాటా మీద ఉండాది. ఇరవై ఆరు చూపిస్తాంది. ఇంకేం చూడాల మేడం?"

"లోపల చక్రాలు తగల్లేదా అప్పా?"

"ఏందో గట్టిగానే తగిలింది. రాళ్ల బియ్యమేమో, నాకెందుకులే అనుకున్యా."

ఖాసిం అన్న తల పట్టుకుని డ్రైవరుకి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ మా పక్కనే ఆఫీసు గదిలో మోగింది. చార్జింగ్ పెట్టి మర్చిపోయాడు మహానుభావుడు! సరుకు ఆళ్లగడ్డలో ఒక శెట్టిగారి అంగడికి పోతోందట. ఆయనా ఫోన్ ఎత్తడం లేదు. "మీరు బస్సెక్కండి మేడం, నేను చేస్తానే ఉంటా" అన్నాడు ఖాసిం అన్న.

బస్సెక్కా. కండక్టరు "ఆధార్ చూపియ్యమ్మా, ఆడోళ్లకి ఫ్రీ" అన్నాడు. ఆధార్ ఎక్కడుంది? ఆ ఫైల్లో! "మర్చిపోయినాన్నా, టికెట్ కొట్టు" అంటే నన్ను జాలిగా చూశాడు. బస్సు ప్రతి స్టేజీలో ఆగింది. శిరివెళ్లలో గడ్డి ట్రాక్టరు ఒకటి రోడ్డుకి అడ్డంగా పెళ్లికూతురిలా నెమ్మదిగా తిరుగుతోంది. అంతలో మళ్లీ అక్క ఫోన్.

"చెప్పవేందీ? పేరు సరిగ్గా ఉండాదా, లేదా?"

ఇక అబద్ధం ఆడలేకపోయా. ఏడుపొచ్చేసింది. పాస్‌పోర్టులు పోతే నాకు ఇంకో వేసవి ఉంది. అక్క మోకాళ్లకి ఇంకో వేసవి లేదు. సొంత కాళ్లతో ఎక్కాలన్న ఒక్క కోరికకి నేను దబ్బనం పెట్టి పొడిచినట్టు అనిపించింది. మొత్తం చెప్పేశా. బస్సులో వాళ్లందరూ కూడా విన్నారు. తిడుతుందనుకున్నా.

"ఏ అంగడి?" అంది. చెప్పగానే పెట్టేసింది.

ఆళ్లగడ్డలో దిగి పరిగెత్తుకుంటూ పోయా. అంగడి ముందు బస్తాల వరస. వాటి మధ్యలో, నా బస్తా మీద, యూనిఫాంలో కూర్చుని ఉంది మా అక్క! చేతిలో పొడవాటి ఇనప గొట్టం. పక్కన శెట్టిగారు చేతులు కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు. ఆ మోకాళ్లతో ఆసుపత్రి నుంచి నడిచొచ్చేసింది. ఆటో కోసం కూడా ఆగలేదట.

"దొరికింది!" అని నేను గంతేస్తే, "గంతులెయ్యద్దు. ఒక పోటు పడింది" అంది.

శెట్టిగారు సరుకొచ్చినప్పుడల్లా రెండు మూడు బస్తాల్లోకి ఆ గొట్టం గుచ్చి, గుప్పెడు గింజలు తీసి నాణ్యం చూస్తాడట. లోడంతటిలో ఆయనకి నచ్చింది నాదే!

"లావుగా, ముచ్చటగా ఉండాదమ్మా. గుచ్చితే బియ్యం రాలేదు, ఎర్రగా ఏందో వచ్చింది. నోట్లో ఏసుకున్యా. కందిపొడి! ఇదేందబ్బా అనుకుంటాండా, అంతలో సిస్టరమ్మ వచ్చి గొట్టం లాక్కునె." కాస్త ఆగి, "ఉప్పు తక్కువైందమ్మా" అన్నాడు.

నాకు ఉప్పు గురించి వినే ఓపిక లేదు. గొట్టం గుచ్చింది సరిగ్గా మూత మధ్యలో. ఫైలున్నదీ అక్కడే. పాస్‌పోర్టుకి చిల్లు పడితే ఇంకేముంది, విమానం మెట్లు కూడా ఎక్కనివ్వరు. ప్రభువా, ప్రభువా అనుకుంటూ కుట్లు పీకబోతే నేను బిగించిన దారం ఊడదే!

"తప్పుకో. కుట్లు విప్పేది నా పని" అని అక్క సంచిలోంచి చిన్న కత్తెర తీసింది. టక్ టక్ టక్. పేషెంటుకి విప్పినట్టే, ఒక్కొక్క కుట్టూ లాగి పక్కన పెట్టింది. జిప్పు తీసింది. ఫైలు బయటికొచ్చింది. ఫైలుకి చిల్లు! నేను కళ్లు మూసుకున్నా.

కాసేపటికి అక్క నవ్వు వినపడింది. కళ్లు తెరిచా. గొట్టం ఫైలు అంచున దూరింది. పాస్‌పోర్టులు రెండూ వేలెడు దూరంలో, గీత కూడా పడకుండా ఉన్నాయి. వీసాలు ఉన్నాయి, మా అక్క పేరు కూడా సరిగ్గానే ఉంది. చిల్లు పడింది నా పెద్ద లిస్టుకి. ఎర్ర ఇంకు, రెండు గీతలు, నెంబర్ వన్. అక్షరాలు పోయి గుండ్రటి చిల్లు మిగిలింది.

అంగడి ముందే అక్కని వాటేసుకుని ఏడ్చేశా. శెట్టిగారు మా ఇద్దరికీ సోడాలు తెప్పించాడు. ఖాసిం అన్నకి ఫోన్ చేస్తే "అల్లా కాపాడినాడు మేడం! మరి నా బస్తా ఒకటి ఈడే మిగిలిపోయింది, శెట్టికి చెప్పండి" అన్నాడు.

సూట్‌కేసు చిల్లుకి అక్క ఆసుపత్రి ప్లాస్టరు అడ్డంగా, నిలువుగా అంటించింది. ఎయిర్‌పోర్టులో అన్ని సూట్‌కేసుల మధ్యా అది ఒక్కటే దెబ్బ తగిలించుకుని వచ్చేది, గుర్తుపట్టడం సులువైంది. కందిపొడి సగం పోవడంతో బరువు కూడా దిగింది. మిగతా తగ్గింపు నా ఫ్లాస్కులు. పాస్‌పోర్టులు మాత్రం ఆ రోజు నుంచి అక్క జాకెట్టు లోపలి జేబులో, పిన్నీసు పెట్టి. కౌంటర్ దగ్గర నా పాస్‌పోర్టు నా చేతికిచ్చేది, ముద్ర పడగానే లాగేసుకునేది.

గోడ ఎక్కామండీ! నిజంగా ఎక్కాం. బొమ్మలో ఉన్నదానికంటే నిటారుగా ఉంది. అక్క పది మెట్లు ఎక్కి ఆగడం, మళ్లీ పది ఎక్కడం. నేను "కుర్చీ ఇవ్వండి" కార్డు పట్టుకుని రెడీగా వెనకాలే. మూడో బురుజు చేరేసరికి అక్క కుంటడం మొదలుపెట్టి, మెట్టు మీద కూలబడింది. నా ప్రాణం పోయింది.

"మోకాలా అక్కా? దిగిపోదామా?"

"మోకాలు కాదే. షూలో ఏందో గుచ్చుతాంది."

ఈ షూలు గోడకోసమే కొన్నవి, అప్పటిదాకా సూట్‌కేసులోంచి బయటికి తీయలేదు. విప్పి, బోర్లించి తట్టింది. టపటపా నాలుగు గింజలు చైనా గోడ మీద రాలాయి. సన్నబియ్యం! శెట్టిగారు ముందు వేరే బస్తాలో గుచ్చినప్పుడు గొట్టంలో మిగిలి, మా సూట్‌కేసులో రాలినవి.

మా అక్క వాటిని ఏరి అరచేతిలో వేసుకుంది. కొండల మీద మలుపులు తిరుగుతూ పోతున్న గోడని తృప్తిగా చూసింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

"వీటిని కూడా తూకం ఏపిచ్చినావా?"