బొట్టుబిళ్ల కింద వెలిగిన లైటు

హిందూపురం కొండప్ప కారు నడుపుతుంటే సగం మనసే రోడ్డు మీద ఉండేది. మిగతా సగం ఎక్కడెక్కడో తిరిగొచ్చేది. పెనుకొండ కోట ఉన్న కొండ కనబడగానే దాని నెత్తిన ఒక ఇల్లు కట్టుకునేవాడు. అందులో తన భార్య తిమ్మక్క చేత సంగటి కెలికించేవాడు. కిటికీలోంచి చెయ్యి చాపి మబ్బుల్ని పక్కకు జరిపేవాడు. ధర్మవరం పొలిమేరలో మగ్గాల చప్పుడు చెవిన పడేసరికి ఆ ఇల్లు కాస్తా మాయమయ్యేది. పోతే పోయింది, రేపు ఇంకోటి. ఇన్ని కలల మధ్య కూడా ఏనాడూ ఒక కోడిపిల్లనైనా తొక్కించలేదంటే అందులో ఆయన గొప్ప ఏమీ లేదు. కాళ్లూ చేతులూ ఆయన్ని అడక్కుండానే వాటి పని అవి చేసుకుపోయేవి.

తొంభైల్లో పదేళ్లు పరాయివాళ్ల లారీలు తోలాడు. రెండువేల మూడులో ఒక పాత తెల్లకారు కొన్నాడు. ధర్మవరం చీరల వ్యాపారుల్ని, పెళ్లివాళ్లని, ఆసుపత్రులకు పోయేవాళ్లని అందులోనే తిప్పేవాడు. పిల్లలు లేని ఇంట్లో ఆ కారే ముద్దుల బిడ్డ అయిపోయింది. పొద్దున్నే దాన్ని తుడుస్తూ దానితో కబుర్లు చెప్పేవాడు. తిమ్మక్క గడపలో నిలబడి ఇదంతా చూసి నవ్వుకునేది. ఆ నవ్వులో రవ్వంత ఉక్రోషం ఉండేదని ఆయనకు తెలియదు. తెలుసుకోవాలంటే ఇటు తిరిగి చూడాలి కదా!

రెండువేల ఐదు దసరా వెళ్లిన మూడో వారంలో స్టీరింగు వెనక పసుపు పచ్చ లైటొకటి వెలిగింది. ఇంజను బొమ్మ గీసిన బుల్లి లైటు. మొదటి రోజు కొండప్పకు అది ముచ్చటగానే కనిపించింది. మిణుగురు పురుగొకటి దారి తప్పి వచ్చి తన దగ్గర చేరిందనుకున్నాడు. రెండో రోజు కారు నిలబెట్టినప్పుడల్లా వణకడం మొదలుపెట్టింది. మూడో రోజుకు కొండప్ప కూడా వణికాడు.

ఊళ్లో పెద్ద మెకానిక్ షెడ్డు ఒకటుంటే అక్కడికి తీసుకుపోయాడు. ఆ షెడ్డాయన బానెట్టు ఎత్తి, చెవి ఒగ్గి, రెండు నిమిషాలు విని, "ఇంజను దింపాల" అన్నాడు. దింపితే ఎంతవుతుందో కూడా చెప్పాడు. ఆ మాట విన్నాక కొండప్ప ఇంకేమీ అడగలేదు. ఏం పోయింది, ఎలా తెలిసింది, ఇంకెవరికైనా చూపించనా అని అడగొచ్చు. అడిగే గుణమే ఆయనకు లేదు. పెద్ద షెడ్డు, పెద్ద మనిషి, అంతే. ఇంటికొచ్చి తిమ్మక్క బొట్టుబిళ్లల అట్టలోంచి ఒక ఎర్ర బిళ్ల తీసి ఆ లైటు మీద అతికించాడు. అక్కడితో రోగం కుదిరిందని కాదు. చూసినప్పుడల్లా గుబులు పుట్టకుండా ఉంటుందని.

ఇంజను దింపించే స్తోమత ఆ ఇంట్లో లేదు. దింపించకపోతే కారు అమ్ముకోవాలి. అప్పుడు ఇద్దరి మధ్యా ఒక మాట కుదిరింది. పక్క వీధి రాధ బెంగళూరులో గార్మెంట్సు ఫ్యాక్టరీలో కుడుతోంది. తిమ్మక్కకూ మిషను వచ్చు. ఏడాది పాటు రాధ గదిలోనే ఉండి పని చేస్తే ఇంజనుకు చేసే అప్పు తీరిపోతుంది. నెల తిరిగాక వచ్చే సోమవారం పొద్దున బస్సుకు తిమ్మక్క బెంగళూరు పోతుంది. మంగళవారం కారు షెడ్డుకు పోతుంది.

ఆ సోమవారానికి రెండు రోజుల ముందు, శనివారం, కొండప్ప ఒక బేరం మీద ధర్మవరం వెళ్లి, ఖాళీ కారుతో తిరిగొస్తున్నాడు. దారి పొడవునా కలలొస్తున్నాయి గానీ ఒక్కటీ నిలవడం లేదు. కొండ మీద ఇల్లయితే కట్టాడు, పొయ్యి దగ్గర మాత్రం ఎవరూ లేరు. పెనుకొండ దగ్గరకొచ్చేసరికి గొర్రెల మంద అడ్డమొచ్చింది. హారను నొక్కితే కుయ్యిమని కూడా అనలేదు. ఇది కూడా పోయిందా అని ఏడుపొచ్చినంత పనైంది.

పెనుకొండ బస్టాండు దగ్గర రేకుల కొట్టులో ఇమ్మానుయేలు కూచుని ఉన్నాడు. వైర్ల పని చేసే మనిషి. ఇంజన్ల జోలికి పోడు. డైనమోలు, లైట్లు, హారన్లు, అంతవరకే. హారను తీగ వెతుకుతూ లోపలికి తలపెట్టి టక్కున ఆగిపోయాడు.

"ఏమప్పా, ఈడ బొట్టేంది?"

"లైటు వెలగతాండాది. చూస్తాంటే భయమైతాండె, కప్పేసినా."

"బాగుండాది! అది నోరు తెరిచి చెప్తాంటే నువ్వు నోరు మూసినావే."

ఇమ్మానుయేలు గోటితో బొట్టుబిళ్ల ఊడదీశాడు. లైటు ఎప్పటిలాగే వెలుగుతోంది. హారను సంగతి పక్కన పెట్టి అతను ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఎలిగి ఆరతాండాదా, నిలకడగా ఉండాదా?"

"నిలకడగానే ఉండాది."

"నీళ్ల వేడి చూపే ముల్లు పైకి పోతాండాదా? ఆయిలు తాగతాండాదా? పొగేమన్నా?"

"ఏం లేదప్పా."

"మరి ఏం చేస్తాండాది?"

"నిలబెడితే వణకతాది. యాక్సిలేటరు తొక్కితే రొంతసేపు ఆలోచన చేసి కదల్తాది."

"అట్లయితే నీ మాదిరే. షెడ్డులో వైరు పెట్టి చూసినారా?"

"చెవి పెట్టి విన్యారు."

ఇమ్మానుయేలు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకు కొండప్పకు కాస్త కోపం కూడా వచ్చింది. కానీ అతను అప్పటికే జేబులోంచి జానెడు తీగముక్క తీసి, డ్యాష్‌బోర్డు కింద ఏదో ప్లగ్గు వెతికి, రెండు రంధ్రాల్ని ఆ తీగతో కలిపేశాడు.

"తాళం తిప్పు. స్టార్టు చెయ్యొద్దు. లైటును చూస్తాండు, ఎన్నిసార్లు కొడతాదో లెక్కపెట్టు."

కొండప్ప తాళం తిప్పాడు. ఇన్నాళ్లూ రెప్ప వెయ్యని లైటు ఇప్పుడు కన్నుగీటడం మొదలుపెట్టింది. రెండుసార్లు మినుక్కుమంది. ఆగింది. ఒకసారి మినుక్కుమంది. మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. మధ్యాహ్నపు ఎండలో, బస్సుల రొదలో ఆ చిన్న వెలుగు వచ్చిపోతుంటే కొండప్పకు ఒళ్లు జల్లుమంది. రెండేళ్లుగా తను కారుతో మాట్లాడుతున్నాడు. అది తనతో మాట్లాడటం ఇదే మొదలు. ఇంకాసేపు అలాగే చూస్తూ కూర్చోవాలనిపించింది.

"ఇరవైయొకటి," అన్నాడు ఇమ్మానుయేలు, నూనె మరకల పుస్తకంలో వేలు పెట్టి చూసి. "ఇంజను కాదప్పా. నువ్వు ఎంత తొక్కుతాండావో లోపలికి కబురు చెప్పేది ఒకటుండాది. ఆ కబురు సరిగా పోతాండలేదు. దాని తీగ చూస్తాం పా."

బానెట్టు ఎత్తి ఆ తీగ కొసనున్న ప్లగ్గు పీకాడు. లోపలంతా బంక. పచ్చటి తుప్పు. దానిలోంచి చీమలు ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చాయి.

"తియ్యనిదేదో పడిండాది. ఇంజను మీద ఏం పోసినావు?"

కొండప్పకు గుర్తొచ్చింది. గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. ఆయుధపూజ రోజు కార్ల స్టాండులో అందరూ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, బానెట్లెత్తి ఇంజన్లకు విభూతి, కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు రెండు చుక్కలు చక్రాల మీద చల్లారు. కొండప్పకు రెండు చుక్కలతో తృప్తి కాలేదు. ఎండల్లో అంత దూరాలు తిరిగే బిడ్డ, దప్పికేసి ఉంటుందనుకున్నాడు. చిప్పలోని నీళ్లన్నీ ఇంజను మీద, నిదానంగా, తాపినట్టుగా పోశాడు. పక్కవాళ్లు నవ్వితే వాళ్లకు మనసు లేదనుకున్నాడు.

ఇమ్మానుయేలు పాత పళ్లబ్రష్షు పెట్రోలులో ముంచి ఆ ప్లగ్గును తోమాడు. నోటితో ఊదాడు, ఎండలో ఆరబెట్టాడు, మళ్లీ బిగించాడు. కింద పెట్టిన తీగముక్క తీసేశాడు. బ్యాటరీ తీగ ఊడదీసి, ఇద్దరూ టీ తాగి వచ్చేదాకా అలాగే ఉంచి, తిరిగి తగిలించాడు. కొండప్ప స్టార్టు చేశాడు. లైటు ఒక్కసారి వెలిగి, ఆరిపోయింది. కారు వణకలేదు. తొక్కితే ఆలోచించకుండా ఊపందుకుంది.

"ఈ తూరి దేనికన్నా దుడ్లు పెట్టేముందు రొంత అడుగప్పా," అన్నాడు ఇమ్మానుయేలు. "ఎవురినైనా సరే, ఒక మాట అడిగితే పోయేదేముండాది?" హారను బాగుచేసి, దానికి మాత్రమే డబ్బు తీసుకున్నాడు.

హిందూపురం దాకా కొండప్ప నేల మీద లేడు. కొండ మీది ఇంటికి ఈసారి మిద్దె కూడా వేశాడు. సాయంత్రం ఎండ వీధిలో ఇంకా ఉండగానే ఇంటి ముందు కారాపి, లోపలికి పరుగెత్తాడు. తిమ్మక్క మంచం మీద చీరలు మడత పెడుతోంది. సంచి సగం నిండింది. ఉప్పుడు బియ్యం, ఊరగాయ జాడీ పక్కనే ఉన్నాయి.

"ఏమ్మే, ఇంజను బాగుండాది! ఒట్టి తీగే! చీమలు పట్టిండె! నువ్వింగ పోయే పని లేదు!"

చీమల దగ్గర మొదలుపెట్టి, రెండుసార్లూ ఒకసారీ మినుక్కుమన్న లైటు దాకా, వెనకది ముందూ ముందుది వెనకగా అంతా చెప్పాడు. తిమ్మక్క మొహం వెలుగుతుందని చూశాడు. ఆమె చేతిలోని చీరను చివరి మడత వరకూ మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"నీ కారుకు ఎన్ని అడిగినాడప్పా ఆయప్ప," అంది. "ఎప్పటి నుంచి, ఎట్లుండాది, యాడ నొప్పి అని. ఆ పొద్దు నేను బెంగళూరు పోతానంటి. నువ్వేమన్నావో గ్యానముండాదా?"

కొండప్పకు గుర్తు రాలేదు.

"సరే అన్నావు. అన్నం తింటా, తల కూడా ఎత్తకుండా, సరే అన్నావు. పోతావా, ఉండగలవా, నేనుండగలనా, ఏమన్నా అడుగుతావేమోనని నెల పొద్దులు చూస్తి. ఇంజను దింపాలంటే నీ మొగం ఎంత మాడిపోయె! నేను పోతానంటే అన్నం ముద్ద కూడా ఆగలేదే!"

ఆ నెలంతా ఆయన కట్టిన ప్రతి ఇంట్లోనూ పొయ్యి దగ్గర ఎవరూ లేరు. అది చూసి గుండె పిండినట్టయి ఆ ఇల్లు వదిలేసి ముందుకు పోయేవాడు. అంత బాధనూ తన దగ్గరే దాచుకున్నాడు గానీ దాని మీద హక్కున్న మనిషికి ఒక్క ముక్కా చెప్పలేదు. ఆయనకు సిగ్గేసింది. తనంటే తనకే అసహ్యం వేసింది.

వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. సోమవారం బస్సు లేదిక. బెంగళూరు లేదు. ఇప్పుడు ఏ మాటన్నా దానితో పనిలేదు. అయినా ఆ చీర మీదున్న ఆమె చెయ్యి పట్టుకుని, తల ఎత్తి మొహంలోకి చూసి అన్నాడు.

"పోవద్దు తిమ్మక్కా. నువ్వు లేకుంటే నేనుండలేను."

నెల రోజులుగా ఆమె కాచుకున్న మాట అదే. విని, ఆయన తల ఒళ్లోకి లాక్కుని, గట్టిగా ఏడ్చింది.