తాతగారు ఇచ్చేసిన పిల్ల

1997లో నేను కోనసీమలో ఒక సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాస్తుండేవాణ్ణి. బి.కాం. చదివాను. ఆ చదువు వృథా పోలేదు, బోర్డు మీద పేరు చివర నిండుగా కనబడేది. చేసేదంతా పొలం అమ్మకాలు, వాటాల పంపకాలు. దత్తత పత్రాలు ఏడాదికి రెండో మూడో వచ్చేవి.

ఒక ఉదయం ఒక పెద్దాయన, భర్త పోయిన ఆయన కోడలు సత్యవతి, ఆమె మూడేళ్ళ కూతురు వచ్చారు. వెంట ఆ పిల్లను పెంచుకోబోయే సామర్లకోట మాస్టారు, ఆయన భార్య. పిల్ల అప్పటికే మాస్టారి భార్య ఒళ్ళో చేరి ఆవిడ గాజులు తిప్పుతోంది.

"దత్తత అయిపోయిందండి. హోమం చేశాం, ఊరందరికీ భోజనాలు పెట్టాం. కాగితం ఒక్కటే తక్కువ," అన్నాడు పెద్దాయన.

దత్తతకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ఇచ్చినవారూ తీసుకున్నవారూ సంతకాలు పెట్టి పత్రం రిజిస్టరు చేయిస్తే, కాదని ఎవరైనా నిరూపించేదాకా కోర్టు దాన్ని నమ్ముతుంది.

"పిల్లను వీళ్ళ చేతిలో పెట్టిందెవరండి?" అని అడిగాను.

"నేనేనండి. మా వంశం పిల్ల. కోడలు పీటల మీద కూర్చోకూడదు కదా."

భర్త పోయిన మనిషి కనక ఆమెను వంటింట్లో ఉంచారు. అందరూ మర్యాదస్తులే, అందువల్ల ఎవరికీ తప్పనిపించలేదు. హిందూ దత్తత చట్టంలో సెక్షన్ 9 ప్రకారం తండ్రి లేని పిల్లను ఇచ్చే హక్కు తల్లిది, తాతది కాదు. తల్లి ఒప్పుకుంటే ఆమె తరఫున తాత చేతుల మీదుగా ఇవ్వచ్చు. ఆ సందులోంచి పని జరిపిద్దామని డ్రాఫ్ట్, అంటే చిత్తుప్రతి, రాసి పైకి చదివాను: "సత్యవతి అను నేను, ఎవరి బలవంతమూ లేక, నా ఇష్టపూర్వకంగా, మా మామగారిచే ఇప్పించి..."

"ఆ మాట నేనెప్పుడన్నానండి?" అంది సత్యవతి.

"కాగితంలో అలాగే రాస్తారమ్మా," అన్నాడు పెద్దాయన. నేను చెప్పబోయిందీ అదే.

ఆమె నావైపే చూసింది. "ఇచ్చేశాక ఉండబట్టకపోతే తిరిగి తెచ్చుకోవచ్చాండి?"

"కుదరదమ్మా. చెల్లిన దత్తత రద్దు కాదు."

"మరి ఇప్పుడో?"

"మీరు ఒప్పుకోకపోతే అసలు దత్తతే లేదు."

"అయితే నేనివ్వనండి."

పెద్దాయన లేచాడు. "అంతమంది ముందు చేసిన కార్యం చెల్లదంటారేంటండీ?"

"భోజనాలు చెల్లుతాయండి," అన్నాను. ఎవరూ నవ్వలేదు, నవ్వాల్సిన పని కూడా లేదు.

మాస్టారి భార్య కాసేపు పిల్లను వదల్లేదు. తర్వాత, "ఆ రోజు నేను వంటింట్లోకొచ్చి అడిగుండాల్సింది సత్యవతీ," అని పిల్లను తల్లికి అందించింది. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, చాలాసేపటికి గాని పెట్టుకోలేదు.

వెళ్ళేముందు సత్యవతితో, మామగారి దగ్గర ఉమ్మడి ఆస్తి ఉంటే మనోవర్తి అడగవచ్చని చెప్పాను.

"ఇవాళ్టికి ఇది చాలండి," అంది.

ఆ తర్వాత వాళ్ళింట్లో ఎలా గడిచిందో నాకు తెలియదు. నేను మాత్రం అప్పటినుంచి, కలం తీయకముందే మిగతావాళ్ళను బయట కూర్చోబెట్టి, ఇచ్చే తల్లిని విడిగా అడుగుతూ వచ్చాను. అది నచ్చక కొందరు ఎదుటి బల్ల దగ్గర రాసే ఇంకో లేఖరి దగ్గరికి వెళ్ళారు. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది తల్లులు "ఇస్తానండి" అనే అన్నారు. కాకపోతే, ఆ మాట అనడానికి ప్రతి ఒక్కరికీ కాస్త సమయం పట్టింది.