ఎడం చేత్తో అందుకున్న గ్లాసు

మూడేళ్ల కిందటి మాట. తుఫాను వానలకి కొల్లేరు నిండి, ఆకివీడు వైపు చేపల లారీలు రోడ్డు మీదే నిలబడిపోయిన కార్తీకమాసం. ఏలూరు పవర్‌పేటలో మాకు తుపాకుల మరమ్మతు కొట్టు ఉంది. మా నాన్న పెట్టిందే, లైసెన్సు నా పేరుకి మారింది. తుపాకుల కొట్టు అనగానే జనం ఇంకేదో ఊహించుకుంటారు. నిజానికి మా పని ఎక్కువగా తుప్పు వదిలించడం, విరిగిన స్ప్రింగులు మార్చడం, తుపాకీ వెనక భుజానికి ఆనే కర్ర చెదపడితే తీసేసి కొత్త కర్ర బిగించడం.

మా జిల్లాలో మిగిలినవి చాలావరకు తాతల నాటి తుపాకులు. వేట ఏనాడో నిషేధమైపోయింది. కొల్లేట్లో పిట్ట మీదికి గొట్టం ఎత్తితే కేసే. కాబట్టి అవి బీరువాల్లో పడుకుంటాయి, ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనుకి వెళ్ళి అప్పగింతలై తిరిగొస్తాయి. ఆ రాకపోకల్లో ఏదన్నా నలత చేస్తే నా దగ్గరికి తెస్తారు.

ఆ రోజు వచ్చింది ఉండి నుంచి సుబ్బరాజు గారు. చేపల చెరువుల ఆసామి. వెంట ఆయన కూతురు నీలిమ, తాడేపల్లిగూడెంలో బి.ఇడి. చదువుతోంది. కాన్వాసు సంచిలోంచి తీసింది రెండు గొట్టాలు పక్కపక్కనే ఉండే పన్నెండు బోరు ఇంగ్లీషు తుపాకీ. వాళ్ళ ముత్తాతగారు కొల్లేట్లో బాతుల వేటకి కొన్నదట. ఇప్పుడు దాంతో నీలిమ షూటింగ్ క్లబ్బులో ట్రాప్ ఆడుతోంది. ట్రాప్ అంటే యంత్రం గాల్లోకి విసిరే మట్టి బిళ్ళని అది కింద పడేలోపు పగలగొట్టడం. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

"కర్ర పొడుగైందండీ దీనికి. రెండంగుళాలు కోసేసి ఇచ్చేయండి. చిన్న పనే కదండీ" అన్నారాయన.

చిన్న పనే కదా అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పని చిన్నదో పెద్దదో చేసేవాణ్ణి నేను కదా. పైగా అది మాంచి వాల్‌నట్ కర్ర, కోస్తే మళ్ళీ మొలవదు.

"ఇంతకీ ఇబ్బందేంటండీ?" అన్నాను.

"మొదట్లో బాగానే కొట్టేదండీ. ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసేసుకుంటంది. క్లబ్బులో అందరూ చూస్తా ఉంటారు, నాకేమో తలకొట్టేసినట్టుంటంది. పిరికితనం వచ్చేసిందండీ. వచ్చే నెల సెలెక్షన్లున్నాయి. అందులో రాకపోతే ఇంక చాలమ్మా, తుపాకీ స్టేషన్లో డిపాజిట్ చేసేసి చదువు చూసుకో అని చెప్పేశాను."

నీలిమ గొట్టాల వంకే చూస్తూ నిలబడింది.

తుపాకీ తెరిచి ఖాళీగా ఉందని చూసుకుని ఆ పిల్ల చేతికిచ్చి భుజానికి పెట్టమన్నాను. పెట్టింది. కర్ర పొడుగు కాదు, కొలిచి చేసినట్టుంది. చెంప ఆనిన చోటు, కన్ను నిలిచిన చోటు రెండూ సరిగ్గానే ఉన్నాయి. కానీ భుజానికి ఆనీ ఆనకుండా పెట్టింది. అది నాకు నచ్చలేదు. అలవాటేమో అనుకున్నాను.

ఇంతలో మా ఆవిడ రూతమ్మ మంచినీళ్ళు తెచ్చింది. కొట్టు వెనకే ఇల్లు. నీలిమ ఎడం చెయ్యి చాపి గ్లాసు అందుకోబోయింది. గోదావరి మర్యాద గల ఇంటి పిల్ల, పెద్దవాళ్ళిస్తుంటే ఎడం చేత్తో పుచ్చుకోవడం నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. ఈ కాలం పిల్లలు అని లోపల విసుక్కున్నాను కూడా.

"కుడి చేత్తో తీసుకోమ్మా" అన్నారు సుబ్బరాజు గారు.

ఆ పిల్ల కుడి చెయ్యి ఎత్తింది. గ్లాసు దాకా రాకుండానే చెయ్యి సగంలో ఆగిపోయింది. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు గానీ పెదవి కొరుక్కుంది.

రూతమ్మ నా కంటే చురుకు. గ్లాసు బల్ల మీద పెట్టేసి, "రా అమ్మా, లోపల ఫ్యాను కింద కూర్చుందువుగాని" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. కాసేపటికి తనొక్కతే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"భుజం అంతా వంకాయ రంగులో కమిలిపోయిందండీ. చెంప కింద కూడా దెబ్బే, పౌడరు రాసుకుంది. ఇంట్లో చెబితే మానిపించేస్తారని చెప్పలేదంట."

సుబ్బరాజు గారు కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నారు. నేను కర్ర సంగతి పక్కన పెట్టేశాను. పన్నెండు బోరు పేలినప్పుడు వెనక్కి తన్నడం మామూలే. మరీ ఇంతలా తన్నిందంటే ఏదో తేడా ఉంది.

"పేల్చేసిన ఖాళీలేమన్నా ఉన్నాయాండీ?"

"ఆయ్, కారులో సంచీలో ఉన్నాయండీ" అని ఆయనే వెళ్ళి తెచ్చారు.

ఖాళీ తూటాల మూతులన్నీ నమిలి ఉమ్మినట్టు చిరిగి ఉన్నాయి. మంచి తుపాకీలో పేలిన ఖాళీ మూతి నున్నగా విచ్చుకుని ఉండాలి. గొట్టాలు ఊడదీసి అడుగున చూస్తే రెండున్నర అంగుళాలు అని ముద్ర కనిపించింది. అంటే తూటాల లెక్కలో అరవై అయిదు మిల్లీమీటర్లు. సంచీలో ఉన్నవి డెబ్బై మిల్లీమీటర్ల తూటాలు.

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. గొట్టంలో తూటా కూర్చునే భాగాన్ని ఛాంబర్ అంటారు, గది అన్నమాట. పాత ఇంగ్లీషు తుపాకుల్లో గది పొట్టి. ఈ రోజుల్లో ఎక్కువగా దొరికే తూటా పొడుగు. తిరకాసేమిటంటే పేలని తూటా మూతి లోపలికి మడిచి ఉంటుంది. తూటా మీద రాసే కొలత మడత విప్పాక ఉండే పొడవు.

"పట్టింది కదండీ" అన్నారు సుబ్బరాజు గారు. "నా చేత్తో నేనే పెట్టి చూశాను. నల్లేరు మీద బండిలాగా దూరింది."

సొరుగులోంచి, వేరే తుపాకీలో సవ్యంగా పేలిన డెబ్బై మిల్లీమీటర్ల ఖాళీ ఒకటి తీసి ఆయన చేతికిచ్చాను. "ఇది పెట్టి చూడండి" అన్నాను. పెట్టారు. అంచు బయటే ఉండిపోయింది. తుపాకీ మూయబోతే మూతపడలేదు. రెండోసారి కూడా ప్రయత్నించి ఆగిపోయారు.

"మడత మంచం గదిలో పడుతుందండీ. మంచం వేశాక తలుపు పడొద్దూ? మూతి విప్పుకోడానికి చోటు లేక ఆ ఒత్తిడంతా వెనక్కి తంతోంది. ఆ తన్ను అమ్మాయి భుజం మీద పడుతోంది. ఈ తూటాలు ఎప్పట్నుంచీ వాడుతున్నారు?"

"వేసవి నుంచండీ. అంతకుముందు క్లబ్బులో ఇచ్చిన పాత రకం తూటాలు వాడేది. మంచివి కొనిద్దామని నేనే తెప్పించాను. అందరూ వాడే రకమే." ఆగి, నెమ్మదిగా అన్నారు. "అప్పట్నుంచే గురి తప్పుతోందండీ."

కోపం తెచ్చుకుందామన్నా రాలేదు నాకు. ముద్దు కొద్దీ కొనిచ్చినవే పిల్లని కొడుతున్నాయి.

అంతలోనే ఆసామి బుర్ర మళ్ళీ పనిలో పడింది. "అయితే గది పెంచేయండి. మీ దగ్గర సామాను ఉండకపోదు."

ఉంది. దాన్ని ఛాంబర్ రీమర్ అంటారు. పొడుగ్గా, అంచులు కోసుకునే ఉక్కు కడ్డీ. గదిలో పెట్టి తిప్పుతూ ఉంటే కొంచెం కొంచెంగా లోహాన్ని గీకి గదిని పొడిగిస్తుంది. మా నాన్న కాలంనాటి రీమర్ నూనెగుడ్డలో చుట్టి ఇప్పటికీ దాచాను. దాన్ని బయటికి తీయడమంటే నాకూ సరదాయే. కానీ రీమర్‌తో పెట్టుకోకూడదు. గీకిన ఇనుము తిరిగి రాదు. కాబట్టి ముందు గొట్టం మందం చూడాలి.

కొలిచాను. కుడి గొట్టం బాగానే ఉంది. ఎడమ గొట్టంలో గది దాటిన చోట గోడ పలచబడింది. బాతుల వేటలో కొల్లేటి చెమ్మకి లోపల గుంటలు పడి ఉంటాయి, ఏ కాలంలోనో ఎవరో అవి పోయేదాకా నున్నగా అరగదీశారు. చూపుకి అద్దంలా ఉంది. వేలితో తడిమితే తెలీదు, గేజికి మాత్రమే తెలిసింది. ఇంకోసారి కొలిచాను, మొదటిసారి తప్పు చూశానేమో అని ఆశపడుతూ. తప్పు చూడలేదు.

"కుడి గొట్టం ఒప్పుకుంటుందండీ, ఎడమది ఒప్పుకోదు. రీమర్ పెడితే ఉన్న పలచని గోడ ఇంకా పలచనవుతుంది. సరిగ్గా ఆ కిందే అమ్మాయి ఎడం చెయ్యి ఉంటుంది. నేను చెయ్యను."

"ఇంకోచోట చేయిస్తే?"

"చేసేవాళ్ళు దొరకొచ్చండీ. చేయించకండి."

ఆయన ఎడమ గొట్టం మీద చెయ్యి వేసి అలాగే ఉంచేశారు. ఇన్నాళ్ళూ డెబ్బై మిల్లీమీటర్ల తూటాలు అందులోంచి కూడా పేలాయి. ఆ సంగతి ఆయనకి తట్టిన క్షణం నాకు కనిపించింది, చెయ్యి చటుక్కున తీసేశారు. ఆ పిల్ల వేళ్ళు అయిదూ ఉన్నాయంటే దేవుడే కాచాడు.

"తుపాకీని తూటాకి సరిపెట్టలేం గానీ, తూటాని తుపాకీకి సరిపెట్టొచ్చు" అన్నాను. "అరవై అయిదువి తెప్పించండి, సన్నగుండ్లవి, మందు తక్కువగా ఉన్నవి. అవి కూడా కుడి గొట్టంలోనే. ఎడమది ఈ రోజుతో బందు. పేలకుండా దానికి అడ్డు బిగించి ఇస్తాను."

"నా కూతురికి తక్కువ రకం తూటాలాండీ?"

"తక్కువ రకం కాదండీ. ఇది పుట్టినప్పట్నుంచీ తిన్న తిండే అది. అయినా మట్టి బిళ్ళ పగలడానికి ఎంత కావాలి?"

నీలిమ ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది.

"అంటే మేస్త్రీ గారూ, నాది భయం కాదా అండీ?"

"భయమేనమ్మా. ప్రతిసారీ దెబ్బ తగులుతుందని తెలిసినదానికి ఎవరైనా కళ్ళు మూసుకుంటారు. నేనైతే తుపాకీ కింద పడేద్దును. తప్పు నీది కాదు."

ఆ పిల్ల ఏడవలేదు. ఓణీ చెంగుతో చెంప మీది పౌడరు తుడిచేసుకుంది. కింద నల్లటి మచ్చ బయటపడింది. వాళ్ళ నాన్నగారు అది చూశారు. చూసి, నాతోనే అన్నారు, ఆ పిల్ల వింటూ ఉండగానే.

"అందరి ముందూ పిరికిదన్నానండీ దాన్ని. ఒకసారి కాదు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సెలెక్షన్లు వచ్చే నెలే ఉండాలని ఏముందండీ. భుజం మాననివ్వండి. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వెళ్తుంది."

కర్ర కోయలేదు. వెనక రబ్బరు ప్యాడు బిగించి, ఎడమ గొట్టానికి అడ్డు వేసి పంపాను.

ఎండలు ముదిరాక ఇద్దరూ మళ్ళీ వచ్చారు, నూనె పెట్టించడానికి. ఖాళీలు అడక్కుండానే తెచ్చారు. మూతులు నున్నగా విచ్చుకుని ఉన్నాయి.

"బిళ్ళలు పగులుతున్నాయా అమ్మా?" అన్నాను.

"కొన్ని పగులుతున్నాయండీ. కళ్ళు మాత్రం మూసుకోవట్లేదు."

రూతమ్మ మంచినీళ్ళు తెచ్చింది. నీలిమ కుడి చెయ్యి చాపి గ్లాసు అందుకుని గడగడా తాగేసింది. సుబ్బరాజు గారు ఆ చేతి వంకే చూస్తూ తన గ్లాసు పుచ్చుకోవడం మరిచిపోయారు.

అప్పట్నుంచి నా పద్ధతి కొంచెం మారింది. మా కొట్టుకి ఎవరు తుపాకీ తెచ్చినా సంచి విప్పనివ్వను, ముందు మంచినీళ్ళిస్తాను. పాపం, మర్యాద అనుకుంటారు. ఏ చేత్తో అందుకుంటారో చూసి అప్పుడు తుపాకీ అడుగుతాను.