మద్రాసు కరెంటుకు పోయి మా అత్త నోరు నిలుపుకొని వచ్చిన వైనం

జమ్మలమడుగులో తెల్లవారి ఆరు గంటల బస్సెక్కినాం, మా అత్తా నేనూ. మా ఆయన ముద్దనూరు దాకా వచ్చి, రైలెక్కించి వెనక్కి తిరిగినారు. చేలో చెనిక్కాయ పీకుడు నడుస్తా ఉండింది. అత్తకు దవడ లోపల గడ్డ. ఆకూవక్కా పొగాకూ చేసిన పని. మద్రాసు ఆసుపత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుంటే తగ్గుతుందని మా ఊరి డాక్టరు చెప్పినాడు.

అత్తకు గడ్డ మీద అంత దిగులు లేదు. కరెంటుకు నోరంతా పుండ్లు పడతాయని ఎవరో చెప్పినారు. అప్పటినుంచీ "ఇంక పాట పోతాదేమో" అని ఒకటే బెంగ. సందెవేళ ఆమె హారతి పాడితే వీధి చివరికి వినబడుతుంది. "మెల్లగా పాడవే, దేవునికి చెవుడు లేదు" అంటాడు మా మామ రోజూ.

ముద్దనూరులో తొమ్మిదిన్నరకు బండి కదిలింది. ఎర్రగుంట్లలో ఖాదర్‌బీ అని ప్రొద్దుటూరామె ఎక్కి మా పక్కన కూర్చుంది. కూతురింటికి పోతాంది.

"యాడికక్కా పోతాండారు?"

చెప్పినాను.

"మా అన్నకూ పెట్టించినాం. పుండ్లు పడకముందే చూసుకోవాల. కరెంటుకు ముందొక చెంచా, అయినాక ఒక చెంచా తేనె నోట్లో పట్టుకొని మెల్లగా మింగాల. కారం మాత్రం ముట్టగూడదు."

"కారం లేకుండా సంగటి ఎట్ల దిగుతాది తల్లీ?" అంది అత్త.

"దిగకుంటే తోస్తాంలే పెద్దమ్మా!"

అత్త నవ్వుతూనే, సంగటిలోకని ఇంటినుంచి తెచ్చుకున్న ఊరిమిండి కారం డబ్బాను కాలితో బెంచీ కిందికి జరిపింది. ఖాదర్‌బీ మాత్రం కూతురికని తీసుకపోతాండే తేనె సీసా నా ఒడిలో పెట్టింది. దుడ్లు ఇయ్యబోతే చెయ్యి తోసేసింది. ఆ తల్లి చల్లగా ఉండాల.

రేణిగుంటలో ఇడ్లీలు తిని, కొండ వైపు దండం పెట్టుకున్నాం. దీపాలు పెట్టే వేళకు మద్రాసు. పోయేవాళ్లకు ఒక మాట: వంట చేసుకోనిచ్చే సత్రమే చూసుకోండి. మాకు ఆసుపత్రి వెనక సందులోనే దొరికింది.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారంలో అత్త చిగుళ్లు చీలి నెత్తురొచ్చింది. అక్కడి డాక్టరు నెల్లూరాయన. నోరు చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఇట్లే ఉంటే కరెంటు ఆపాలమ్మా. మధ్యలో ఆపితే గడ్డ మళ్లీ లేస్తుంది. నోటికి ఏం వాడుతున్నారు?"

అప్పుడు తెలిసింది. బొగ్గుపొడిలో ఉప్పు కలిపి చిగుళ్లు ఎర్రబడేదాకా తోమేది మా ఇంటి అలవాటు. అత్త భయంకొద్దీ దాన్ని ఇంకా పెంచింది, పూటకొకసారి.

"పుండ్లు పడగూడదనే కదయ్యా గట్టిగా తోముతాండేది!"

"నోరమ్మా అది, ఇత్తడి చెంబు కాదు!" అని ఆయన నవ్వేసినాడు. తేనె సంగతి అడిగితే, "పట్టుకోండి, నష్టం లేదు. పుండు పడితే మాత్రం దాచకుండా నాకు చూపించండి" అన్నాడు.

ఆనాటినుంచి బొగ్గు బందు. మెత్తటి గుడ్డ వేలికి చుట్టి తుడిచేది, తిన్నప్పుడల్లా కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు పుక్కిలించేది, వేళకు తేనె. సంగటిని మజ్జిగలో పలచగా కలిపి అంబలిలా ఇస్తే, నమిలే పని లేకుండా దిగింది. ఊరిమిండి డబ్బాను అత్తే తన చేత్తో సత్రం కాపలాదారుకు ఇచ్చేసింది. పాపం, ఒక్క ముద్దకే ఆయన చెంబెడు నీళ్లు తాగినాడు.

పుండ్లు పడనే లేదని చెప్పను. నాలుక పక్కన రెండు చిన్నవి పడినాయి. డాక్టరుకు చూపించినాం, పూతమందు ఇచ్చినాడు. అంబలి ఆగలేదు, కరెంటూ ఆగలేదు. తేనె గుణమో, ఉప్పునీళ్ల గుణమో, బొగ్గు మానిన గుణమో నాకు తెలీదు. అందరికీ కలిపి ఒకే దండం పెట్టుకుంటాండా.

కరెంటు ముగిసినాక మధ్యాహ్నం బండికి బయలుదేరినాం. గడ్డ కరిగిందన్నాడు డాక్టరు, మళ్లీ చూపించుకోవాలని కూడా చెప్పినాడు. మద్రాసు ఇప్పుడు మన రాష్ట్రంలో లేకపోయినా, అక్కడ మమ్మల్ని ఎవరూ పరాయివాళ్లుగా చూడలేదు.

రాజంపేట దాటేసరికి సందె పడింది. అత్త కిటికీలోంచి ఆకాశం చూసి, గొంతు సవరించుకొని, హారతి ఎత్తుకుంది. మొదటి చరణం బొంగురుగా వచ్చింది. రెండోదానికి పెట్టె పెట్టంతా తిరిగి చూసింది. నాకు కండ్లు నిండినాయి.

ఎదుటి బెంచీలో కునుకుతాండే ఆయన లేచి చేతులు జోడించినాడు. "కొంచెం మెల్లగా తల్లీ, దేవునికి వినబడుతుందిలే!"

"దేవునికి ఎప్పుడో వినబడిందప్పా," అంది అత్త. "జమ్మలమడుగులో మా ఇంటాయనకు వినబడాల!"