వెనక ఎడమ పక్క

నా కొడుకు పోయాడు. జుగ్సలాయి గోదాముల వీధిలో, వెనక్కి వస్తున్న లారీ కింద. అంతకు కాసేపటి ముందే నాకు ఫోను చేసి, "మా, దొరికీసింది! కుర్చీ ఏసి ఉంచు, వచ్చేత్తన్నాను" అని అరిచాడు. మళ్లీ వాడి నంబరే మోగింది. పొయ్యి మీద తాలింపు మాడుతోంది. "ఏటిరా మళ్లీ?" అన్నాను. అవతల వేరే గొంతు, హిందీలో. మీరు ఈయనకు ఏమవుతారని అడిగింది. తల్లినని చెప్పాను. ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే ఇవ్వమంది. అప్పటికి కూడా నాకు తెలియలేదు. కుర్చీ వేసేశాను.

నేను ఐదో తరగతి దాకానే చదువుకున్నాను. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ హిందీ ఊళ్లో మా తెలుగువాళ్లుండే రైల్వే క్వార్టర్లలో ఒక మాట తిరుగుతోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచి ఉంటాడని, ఈ కాలం కుర్రాళ్లంతే అని. నా కొడుకు పెట్టుకోలేదు. ఒక్క చెవి ఉన్నవాడికి అవెందుకు?

చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి ఎడమ చెవి పూర్తిగా పోయింది. రెండోది బాగానే ఉండేది. పిలిస్తే వినేవాడు. పిలిచింది ఎవరో గొంతును బట్టి చెప్పేవాడు. ఎటునుంచి పిలిచారో మాత్రం తెలిసేది కాదు. నేను మెట్ల మీదనుంచి పిలిస్తే కుళాయి వైపు చూసేవాడు. తర్వాత చుట్టూ తిరిగి నన్ను వెతుక్కుని నవ్వేవాడు.

అలాంటివాడికి పట్టిన పిచ్చి చూడండి. సాక్చి బజారులో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పని. ఇంటికొస్తే కంప్యూటరులో పాత ఆటలు. ఆడటం తక్కువ, వాటి చప్పుళ్లు బాగుచేయడం ఎక్కువ. అప్పటి ఆటల్లో చప్పుడు ఎటునుంచి రావాలో, ఏ గదిలో ఎలా మోగాలో చూసుకునే పని కంప్యూటరు లోపల బిగించే సౌండ్ కార్డుదట. కొత్త కంప్యూటర్లు వచ్చాక ఆటకూ కార్డుకూ మధ్య ఉన్న ఆ దారి మూసుకుపోయిందట. ఆట నడుస్తుంది, చప్పుడూ వస్తుంది, కానీ అంతా ఒకేలా, ముందునుంచే. వీడు ఆట ఉన్న ఫోల్డరులో ఒక చిన్న ఫైలు పెట్టి ఆ దారి మళ్లీ తెరిచేవాడు. నాకు అర్థమైంది ఇంతే.

"అంత పాత ఆటలో ఏటుందిరా?" అని అడిగాను ఒకసారి.

"అప్పుడోళ్లు గది గదికీ సప్పుడు ఏరుగా పెట్టారమ్మా. గుహలో అడుగు ఏరు, సొరంగంలో అడుగు ఏరు. అంతా లోపలే ఉంది, ఎవుళికీ ఇనిపించట్లేదు. ఉన్నది ఇనిపించకపోతే బాధ కాదేటి?"

వాళ్ల నాన్న మంచం మీదనుంచి వెక్కిరించేవారు. "ఉన్న ఒక్క చెవికీ నాలుగు స్పీకర్లేటిరా?"

"మీకు రెండున్నా అమ్మ మాట ఇనిపిత్తందేటి నాన్నా?" అనేవాడు. ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కుని నవ్వేవారు.

గది నాలుగు మూలలా పెట్టిన ఆ స్పీకర్లు సరిగ్గా పలుకుతున్నాయో లేదో వాడికి తెలియదు కదా. అందుకే నేను. గది మధ్యలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టేవాడు. కుర్చీ కాళ్లు ఎక్కడుండాలో నా ముగ్గుపిండితోనే గుర్తులు పెట్టాడు. నేను ఊడ్చేసినప్పుడల్లా "అయ్యో మా, తుడిచీసావా!" అని తల పట్టుకునేవాడు. చివరికి నేనే రోజూ గుమ్మంలో ముగ్గు వేశాక మిగిలిన పిండితో లోపల ఆ చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను.

కళ్లు మూసుకుని, చప్పుడు ఎటునుంచి వస్తే అటు చెయ్యి చూపించాలి. ముందు కుడి, వెనక ఎడమ అంటే నాకు తికమక. మాకు వేరే పేర్లుండేవి. ముందున్నవి వంటింటి పక్క, కుళాయి పక్క. వెనక కుడిది దేవుడి పక్క, ఎడమది పట్టాల పక్క.

"ఏ పక్క మా?"

నేను చూపిస్తే, సరిపోతే, "బస్ మా, దించు" అనేవాడు. అనేదాకా దించకూడదు. అది వాడి షరతు. ఒక్కోసారి మౌసు నొక్కుతూ మరిచిపోయేవాడు. "ఒరే, చెయ్యి పీకుతంది" అంటే "సారీ సారీ, దించు దించు" అని వచ్చి భుజం నొక్కేవాడు.

ఈమధ్య పట్టాల పక్క స్పీకరు మూగబోయింది. కార్డులోనే ఏదో పోయిందన్నాడు. అయినా ఏవో మార్చి మార్చి చూసేవాడు. ఒక ఆదివారం నేను గట్టిగా పట్టాల పక్కకి చెయ్యి చూపించాను. వాడు కుర్చీ చుట్టూ గంతులేశాడు. తీరా చూస్తే అది బయట పట్టాల మీద వెళుతున్న గూడ్సు బండి. వాళ్ల నాన్న నవ్వలేక దగ్గారు. "ఏటే, నీ కొడుకు ఆటలోకి మా రైల్వేని కూడా ఎక్కించీసావా?" మర్నాడు వాడు షాపులో కూడా ఈ సంగతి చెప్పి నవ్వించాడట.

అలాంటి కార్డే ఇంకొకటి జుగ్సలాయిలో పాత సామాన్ల గోదాములో ఉందని తెలిసి వెళ్లాడు. అదే దొరికింది.

నేను అక్కడికి వెళ్లాను. వద్దన్నారు, వెళ్లాను. ఎదురుగా టీ అమ్మే మనిషి చెప్పాడు: లారీ వెనక్కి వస్తుంటే అందరూ అరిచారట. "సునా థా ఉస్‌నే, మాజీ. రుకా భీ." విన్నాడు, ఆగాడు కూడా. ఆ తర్వాత ఎటు జరగకూడదో అటే జరిగాడు. ఎందుకలా చేశాడో ఆ మనిషికి ఇప్పటికీ అర్థం కావడం లేదు. నాకు అర్థమైంది. ఇంట్లో అయితే "ఏ పక్క మా?" అని అడిగేవాడు. అక్కడ ఎవరిని అడుగుతాడు?

నా కొడుకు విన్నాడు. ఇది మీరందరూ తెలుసుకోవాలి.

వాడి సంచి తిరిగి వచ్చింది. కార్డుకు ఒక గీత కూడా పడలేదు. పెద్దకర్మ ఇంకా కాలేదు, గుమ్మంలో ముగ్గు లేదు. లోపల ఆ రోజు పెట్టిన చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి, నేను వాటి పక్కనుంచి ఊడుస్తున్నాను. నిన్న షాపులో వాడితో పనిచేసే స్నేహితుడు వచ్చాడు. ఆ కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిన్నీ, పెట్టమంతావా?"

వాళ్ల నాన్న బయటికి వెళ్లిపోయారు. ఆ పిల్లవాడు కార్డు బిగించి ఆట పెట్టాక, నేను చుక్కల మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కళ్లు మూసుకున్నాను.

ఎవరో నడుస్తున్నారు. రాతి నేల మీద అడుగులు, పెద్ద గదిలో మోగినట్టు. వంటింటి పక్కనుంచి కుళాయి పక్కకి వచ్చాయి. దేవుడి పక్కకి తిరిగాయి. నా వీపు వెనకగా దాటి, ఇన్నాళ్లూ ఏమీ పలకనిచోట ఆగాయి. నేను చెయ్యి చూపించాను.

"బండేటి పిన్నీ?" అన్నాడు ఆ పిల్లవాడు మెల్లగా.

విన్నాను. పట్టాల మీద ఏ బండీ లేదు.

చెయ్యి అటే చూపిస్తూ కూర్చున్నాను. పీకడం మొదలైంది. దించమని ఎవరూ అనలేదు.