పెట్టెలమ్మకు రాని బంతి

ఆ చిన్నపిల్లల బడిలో ఆయాగా చేరేనాటికి పెట్టెలమ్మకు యాభై రెండేళ్లు. అంతకు ముందు ఇరవై నాలుగేళ్లు అట్టపెట్టెల కార్ఖానాలో చేసింది. చదునుగా కోసిన అట్టలు బల్ల మీదకు వచ్చేవి. గీతల వెంట మడిచి, అంచుల్లో చెవుల్లా ఉండే మడతలకు జిగురు పూసి, నిలబెట్టి పక్కన పేర్చడం ఆమె వంతు. చెప్పుల పెట్టెలు, మందుల పెట్టెలు, గాజు గ్లాసుల పెట్టెలు. ఆ పనికి యంత్రం రాగానే ఆమెనూ, పక్క బల్లవాళ్లనూ ఇక రావద్దన్నారు. అక్కడ పడ్డ పెట్టెలమ్మ అన్న పేరు మాత్రం ఆమె వెంటే బడికి వచ్చేసింది.

బడిలో పిల్లల చేతులు కడిగించాలి, ముక్కులు తుడవాలి, చాపలు పరవాలి. "పెట్టెలు నోరెత్తవు, వీళ్లు నోరు ముయ్యరు. అంతే తేడా," అనేది ఇంట్లో.

ఒకరోజు పొద్దున్నే టీచరు ఆకారాల పాఠం మొదలుపెట్టింది. చిన్నవయసు పిల్ల, ఉద్యోగంలో చేరి రెండో ఏడు. బోర్డు మీద చతురస్రం గీసి పేరు చెప్పింది. తర్వాత కాఫీ కప్పు కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె పైకెత్తి, "మరి ఇదేంటి?" అంది.

"చతురస్రం," అంది తరగతంతా.

"కాదు. దీన్ని ఘనం అంటారు."

"ఎందుకు కాదు?" అంది ముందు వరుసలో పిల్ల. ఐదేళ్లింకా నిండలేదు. అది రోజుకు ఎన్నిసార్లు ఎందుకు అంటుందో చూసి, పెట్టెలమ్మే దానికి ఎందుకమ్మ అని పేరు పెట్టింది. "ఇటు చూసినా చతురస్రమే. అటు చూసినా చతురస్రమే."

టీచరు పొడవంది, వెడల్పంది, ఎత్తంది. పిల్లలు బుద్ధిగా తలలూపారు. మళ్లీ పెట్టె చూపిస్తే మళ్లీ చతురస్రమే అన్నారు. పాపం, టీచరు ముఖం కందిపోయింది.

గుమ్మం దగ్గర ఒలికిన నీళ్లు తుడుస్తున్న పెట్టెలమ్మకు చేతులు ఊరుకోలేదు. "టీచరమ్మా, ఆ పెట్టె ఒక్కసారి ఇటిస్తారా?" అనేసింది. అన్నాక, నాకెందుకొచ్చిన పెద్దరికం అనుకుని నాలిక్కరుచుకుంది. టీచరు పెట్టె ఇచ్చింది.

పెట్టెలమ్మ చాప మీద కూర్చుంది. అతుకు కిందికి గోరు పోనిచ్చి విప్పింది. అదనంగా ఉన్న చెవులు చించేసి పెట్టెను నేల మీద పరిచింది.

"లెక్కపెట్టండి, ఎన్ని చతురస్రాలున్నాయో."

"ఆరు."

"ఇలా రా ఎందుకమ్మా, ఇందులో నీ రబ్బరు దాచు చూద్దాం."

ఆ పిల్ల రబ్బరును అట్ట మధ్యలో పెట్టి చూసింది. "దాగట్లేదు. కనపడుతోంది."

పెట్టెలమ్మ ఆరు పలకలనూ లేపి, మడిచి, కాగితం అంటించి నిలబెట్టింది. లోపల రబ్బరు మాయమైంది. "పడుకుంటే చతురస్రాలు. లేచి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడితే ఘనం. దీని కడుపులో దాచుకోవచ్చు."

ఇక ఆ పూటంతా పిల్లలు గదిలో ఉన్న ప్రతిదాన్నీ ఇందులో దాచుకోవచ్చా అని పరీక్ష పెట్టారు.

బడి వదిలాక టీచరు ఆమె పక్కన వచ్చి కూర్చుంది. "వాళ్లకు అర్థం కావట్లేదని విసుక్కున్నాను. వాళ్లు చెప్పిందీ నిజమేగా. రేపట్నుంచి ఈ పాఠానికి మీరూ ఉండండి."

"నేనా? ఐదో తరగతి గట్టెక్కలేదమ్మా నేను."

"పేర్లు నేను చెప్తాను. చేసి చూపించడం మీ వంతు."

మర్నాడు కాగితం చుట్టి స్థూపం చేసింది. ఆ మర్నాడు గరాటులా తిప్పి శంకువు చేసింది. పేర్లకే ఆమె నోరు తిరగలేదు. గోళం పేరు విన్నాక మాత్రం తేలిగ్గా పట్టుకుంది. "మీరు చేసేది గోల. ఇది గోళం," అంటే పిల్లలు పడీ పడీ నవ్వారు.

"అయితే కాగితంతో బంతి చెయ్యి ఆయమ్మా," అంది ఎందుకమ్మ.

"అదెంత పని. రేపు తెస్తా," అంది పెట్టెలమ్మ ధీమాగా.

ఇంటికెళ్లి కూర్చుంటే కాగితం మాట వినలేదు. ఎటు వంచినా ముడతే. ఆమె భర్త దర్జీ. మిషను ఆపి కాసేపు చూశాడు. "గుండ్రం అంటే మాటలా? చొక్కా చెయ్యి భుజానికి కుదిరేలా కుట్టడానికే నాకు మూడేళ్లు పట్టింది. ఇటు తే," అని కాగితాన్ని ఎనిమిది ఆకుల్లా కత్తిరించాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అంచులు అంటించారు. చూడ్డానికి బంతిలాగే వచ్చింది.

మర్నాడు బడిలో ఎందుకమ్మ దాన్ని బల్ల మీద దొర్లించింది. రెండు పొర్లు పొర్లి అతుకు మీద ఆగిపోయింది. "బంతి ఆగదుగా," అంది ఆ పిల్ల. ఎగతాళేం కాదు, ఉన్నమాటే అంది.

పెట్టెలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూసింది. "అవునే. ఇది బంతి కాలేదు. ఇన్నేళ్లు అట్ట మడిచాను, ఇది మాత్రం నాకు రాలేదు," అంది. సిగ్గేసింది, కానీ చెప్పేసింది.

టీచరు అలమర మీది పాత గ్లోబు దించింది. ఒకచోట పైకాగితం ఊడి ఉంది. ఆ ఊడిన ముక్క అచ్చం ఆకులాగే ఉంది. "చూశారా, దీన్ని చేసినవాళ్లూ మీలాగే ఆకుల్లా కోసి అంటించారు. చదును కాగితాన్ని ముడత పడకుండా గోళం చెయ్యడం ప్రపంచంలో ఎవరివల్లా కాదు."

"ఎవరివల్లా?" అంది పెట్టెలమ్మ, పిల్లలకంటే ముందు.

"ఎవరివల్లా కాదు."

ఆ సాయంత్రం ఆమె ఈ సంగతి భర్తకు రెండుసార్లు చెప్పింది. రెండోసారీ ఆయన కొత్తగానే విన్నాడు.

ఆకారాల పాఠం అప్పట్నుంచీ ఏటా టీచరుదీ, పెట్టెలమ్మదీ. ఆ మొదటి ఏడు మాత్రం పాఠం అయిన వారానికి ఎందుకమ్మ తల్లి సంచీ నిండా చదునైన అట్టలు పట్టుకుని బడికొచ్చింది. "మీ శిష్యురాలి పుణ్యమా అని మా ఇంట్లో నిలబడ్డ పెట్టె ఒక్కటీ లేదు. మా అత్తగారి మందులేవో, మావేవో తెలియట్లేదు," అంది. కోప్పడదామనే వచ్చింది గానీ మధ్యలోనే నవ్వొచ్చింది.

పెట్టెలమ్మ మెట్ల మీద కూర్చుని జిగురు సీసా తెరిచింది. "నువ్వు విప్పావుగా, పట్టుకో ఈ చివర," అంది. ఎందుకమ్మ వచ్చి పక్కన చేరింది. ఒక్కొక్క పెట్టే లేచి నిలబడింది.