మూడు ఊళ్లు తిరిగిన ఫ్లాపీ

తొంభైల మధ్యలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో కంప్యూటర్ పెట్టుకున్న మిల్లులు, ప్రెస్సులు, దుకాణాలు ఎన్నో ఉండేవి కావు. ఉన్నవాటిలో పదకొండు చోట్ల నేనే రిపేరు మనిషిని. సూర్యాపేటలో మా ఇంటి పక్క ఎస్టీడీ బూతుకు ఫోన్ వచ్చేది. బూతాయన గోడ మీద నుంచి కేకేసేవాడు. అన్నం ముందు కూర్చున్నా చెయ్యి కడుక్కుని లేచేవాణ్ణి. మిర్యాలగూడలో పని అయ్యేలోపు కోదాడ నుంచి పిలుపు, కోదాడలో సంచి విప్పేలోపు సూర్యాపేట నుంచి పిలుపు. నిద్రలో కూడా కాళ్లు కదిలించేవాడినని నా భార్య అనేది.

ఆ సంచిలో స్క్రూడ్రైవర్లు, బ్రష్షు, దూది, స్పిరిట్ సీసా, జేబు సైజు బైబిలు ఉండేవి. వాటితోపాటు ఒక ఫ్లాపీ. అరచేయంత నల్లటి పల్చని అట్ట. పడుకున్న మిషన్‌ను లేపాలంటే దాన్ని పెట్టి స్విచ్ వేయాలి. దాని అంచుకు ఒక గంటు ఉంటుంది. గంటు మీద చిన్న నల్ల స్టిక్కర్ అంటిస్తే దాంట్లోకి కొత్తగా ఏదీ ఎక్కదు. ఒకసారి ఎవరిదో ఫైలు కాపీ చేయడానికి ఆ స్టిక్కర్ పీకాను. బస్సు టైమైందని మళ్లీ అంటించలేదు.

కోదాడలో ఒక ప్రెస్సు ఉండేది. యజమాని సీసపు అక్షరాలు పేర్చి పేర్చి వేళ్లు నల్లబడ్డ మనిషి. తొక్కుడు ట్రెడిల్ మీద పెళ్లి కార్డులు వేస్తూనే, అప్పు చేసి కంప్యూటర్ కొన్నాడు. ఆయన వేళ్లు కీబోర్డు మీద సాగలేదు. ఆయన భార్య పది పాసయిన మనిషి, నేను నేర్పిన తెలుగు కీబోర్డు రెండు నెలల్లో పట్టేసింది. నన్ను అన్నా అనేది. పాలకీడు వైపు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఇచ్చిన నాటువైద్యం పుస్తకాన్ని ఆ ఏడు ఆమే కొడుతోంది. అది ఆమె మొదటి పుస్తకం.

దసరా మరునాడు ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి స్క్రీన్ మొత్తం నలుపు. డబ్బా ముందు బంతిపూల రెక్కలు, పసుపు, కుంకుమ. ప్రెస్సుల్లో అది ఆనవాయితీ. ఆయుధపూజ నాడు ట్రెడిల్‌కు దండ వేసి బొట్టు పెడతారు. ఆమె కంప్యూటర్‌కూ పెట్టింది. ఫ్లాపీ దూర్చే సందు దగ్గర కాస్త కుంకుమ రాలి ఉంది.

"పుస్తకం అంతా దీంట్లనే ఉంది సారూ. నూట నలభై పేజీలు," అన్నాడు యజమాని.

నేను వేలితో ఆ సందు తుడిచి, ఎర్రబడ్డ వేలు అందరికీ చూపించాను.

"బొట్టు పెడితే ఇట్లనే అయితది. ఇదేమన్నా ఇనుప మిషనా?"

గుమ్మంలో నిలబడ్డ ఆయన తల్లి అందుకుంది. "నేను చెప్పలే? మిషన్ ముందర కూసుంటే దొరసాననుకుంటంది. గిన్నెడు కుంకుమ గుమ్మరించింది."

"కొంచెమే పెట్టిన అత్తమ్మా. ట్రెడిల్‌కు ఎంత పెడ్తమో అంతే."

"ట్రెడిల్ ముప్పై ఏండ్ల సంది పసుపు తింటంది, దానికి అరుగుతది. దీనికి అరగలే," అన్నాడు యజమాని. నేను నవ్వాను.

నాకు తెలుసు. కుంకుమ పడితే ఆ సందు చెడిపోవచ్చు గానీ, లోపలి డిస్కులో ఉన్న పేజీలు చెరిగిపోవు. తెలిసీ ఎందుకు అన్నానంటే, ఆ నెల సండే స్కూలులో విగ్రహాల గురించి పాఠం చెబుతున్నాను. చిన్నప్పటి నుంచి చర్చి సంఘంలో పెరిగినవాణ్ణి, అధ్యాయాలు కంఠతా వచ్చినవాణ్ణి. నా వేలి మీది ఎరుపు నా పాఠానికి రుజువులా కనబడింది. మిషన్ మీది కుంకుమ తుడిచి, నా ఫ్లాపీతోనే లేపి, సాయంత్రం బస్సుకు సూర్యాపేట వచ్చేశాను. డిస్కులో పేజీలు ఒక్కటీ మిగల్లేదు.

రెండు వారాల తర్వాత యజమానే ఫోన్‌లో చెప్పాడు. భార్యను ఆ గదిలోకి రానివ్వడం లేదట. తను రెండు వేళ్లతో కొట్టలేకపోతున్నాడట. మిషన్‌కు బేరం చూస్తున్నాడట. "ఆమెకు అచ్చిరాలే సారూ," అన్నాడు. నాకు లోపల ఏదో గుచ్చుకుంది. కానీ మిర్యాలగూడ బస్సు కదులుతోంది.

మిర్యాలగూడలో నన్ను పిలిచిన రైస్ మిల్లులో కంప్యూటర్ ఉన్నది లారీల చిట్టీలు కొట్టడానికి. మేనేజరు దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, అద్దాల గదిలో పెట్టి, ధూళి కూడా తగలనివ్వడు.

"ఏం సేయలే సారూ. పొద్దున నొక్కితే గిట్లనే నల్లగ ఉంది. జర సూడుండ్రి."

కోదాడలో చూసిన నలుపే. నా కళ్లు ముందు కుంకుమ కోసం వెతికాయి. లేదు. అప్పుడు, హైదరాబాదు నుంచి తెచ్చి విప్పకుండా ఉంచిన వైరస్ పరీక్ష డిస్కు తీశాను. వైరస్ అంటే మిషన్‌కు పట్టే రోగం. కొన్నాళ్లు నిద్రపోయి, ఒక రోజు లేచి లోపలున్నదంతా చెరిపేస్తుంది. పరీక్షిస్తే రోగం ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో అర్థంకాక చివరికి నా ఫ్లాపీ పెట్టి చూశాను. మిషన్ కుయ్యోమని మోగింది.

మేనేజరు వంగి చూశాడు. "సారూ, మీ అట్టకే జరమొచ్చినట్టున్నది గద!"

స్టిక్కర్ అంటించని ఫ్లాపీలోకి ఎక్కిన ఆ రోగాన్ని ఊరూరా మోసింది నేనే. తిరుగు బస్సులో ఆ ఫ్లాపీ పెట్టిన ప్రతి చోటునూ వెనక్కి తలుచుకున్నాను. తలపులో కోదాడ ప్రెస్సు దగ్గర ఆగిపోయాను. దసరాకు నాలుగు రోజుల ముందు అక్కడికి వెళ్లాను. ఆమె కళ్ల ముందే ఫ్లాపీ పెట్టాను. ఆమె నాకు మంచినీళ్లు ఇచ్చింది.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే అందరం రొట్టె పంచుకునే ఆరాధన. మా సంఘంలో రొట్టె పళ్లెం వరుసల్లోకి తీసుకువెళ్లేది నేనే. ఎవరి పట్లనైనా తప్పు చేసి ఉంటే ముందు వెళ్లి సరిచేసుకుని రమ్మని పాస్టరు అయ్యగారు ప్రతిసారీ చెప్పే మాటే ఆ రోజూ చెప్పారు. అందరికీ అందించి, నా ముక్క తీసుకోకుండానే బల్ల మీద పెట్టేశాను.

ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. "ఏం తమ్ముడూ, రొట్టె ముట్టలే?"

అంతా చెప్పాను. ఒప్పుకుంటే మూడూళ్లలో నన్నెవరూ పిలవరని, ఇల్లెట్లా గడుస్తుందని కూడా చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నవ్? నేనేమన్నా కోదాడల ప్రెస్ నడుపుతున్ననా?"

"ప్రార్థన చేయండి అయ్యగారూ."

"చేస్త. నువ్వు బస్సెక్కు."

మధ్యాహ్నానికి కోదాడలో దిగాను. ప్రెస్సు గదిలో కంప్యూటర్ మీద పాత చీర కప్పి ఉంది, వైర్లు చుట్టి కట్టి ఉన్నాయి. మర్నాడు హుజూర్‌నగర్ నుంచి కొనేవాళ్లు వస్తారట. ఆమె వసారాలో కూర్చుని రసీదు పుస్తకాలకు జిగురు రాస్తోంది. తలెత్తలేదు.

యజమానికి చెప్పాను. ఆయన ట్రెడిల్ చక్రం మీద చెయ్యి వేశాడు.

"అయితే బొట్టు కాదా?"

"కాదు. నా ఫ్లాపీ."

"సరే సారూ, అయిందేదో అయింది. ఆమెకు నేను చెప్తలే."

నా మీద నుంచి బరువు దిగినట్టయింది. సంచి అందుకుంటున్నాను కూడా. అప్పుడు వసారాలోంచి ఆమె గొంతు వినబడింది.

"నువ్వు చెప్పుడు కాదు. అన్న ఆ రోజు అత్తమ్మ ముందర చెప్పిండు. ఇవాళ గూడ అత్తమ్మ ముందరే చెప్పాలి."

అత్తను పిలిచారు. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. ఈసారి కుంకుమతో పేజీలు పోవని ఆ రోజే నాకు తెలుసన్న మాట కూడా చెప్పాల్సి వచ్చింది. యజమానికి చెప్పినప్పుడు ఆ మాట దాటేశాను.

"ఇదొక రోగమా? నువ్వే మోస్కొచ్చినవా?" అంది ముసలామె.

"నేనే అమ్మా."

"మరి ఆ రోజు వేలు చూపెట్టి అంత గట్టిగ ఎట్ల చెప్పినవ్ బిడ్డా?"

ముసలామె కోడలి వైపు చూసింది. లోపలికి పోయింది.

ఆమె జిగురు చేతులు కడుక్కుని గదిలోకి వచ్చింది. చీర తీసి మడత పెట్టింది.

"ఆ పేజీలు వస్తయా?"

"రావమ్మా."

"మిషన్ల ఇంక రోగం ఉందా?"

"ఉంది. ఇప్పుడే తీస్త."

నేను తీస్తున్నంతసేపూ నా వెనకే నిలబడి, ఏ కీ నొక్కితే ఏమైందో ఒక నోటుబుక్కులో రాసుకుంది. రెండుసార్లు ఆపి, "ఇది మళ్లీ చెయ్యి," అంది. యజమాని చెప్పులేసుకుని, హుజూర్‌నగర్ వాళ్లకు ఫోన్ చేసి రావద్దని చెప్పడానికి బూతుకు పోయాడు.

పని అయ్యాక ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. హెడ్మాస్టరుగారి రాతప్రతి తీసి మొదటి పేజీ పక్కన పెట్టుకుంది.

"నేను చదువుతుంట, నువ్వు కొట్టు. తొందరగ అయితది," అన్నాను.

"వద్దన్నా. నేనే చూసి కొట్టుకుంట."

పదిహేను పేజీల దాకానైనా అక్కడే ఉండి ఏదో ఒకటి చేయాలనిపించింది. వైర్లు సర్దాను. బ్రష్షుతో కీబోర్డు పక్కన దులిపాను. ఆమె వేళ్లు ఆగకుండా కదులుతున్నాయి. స్క్రీన్ మీద మొదటి పేరా పూర్తయింది.

"మిగతా వాళ్లకు చెప్పినవా?" తల తిప్పకుండానే అడిగింది.

"మిల్లోళ్లకు తెలిసింది. మిగతా వాళ్లకు ఇంక లేదు."

"ఎన్ని చోట్లున్నయి?"

"తొమ్మిది."

"మరి ఇక్కడెందుకు నిలబడ్డవ్?"

సంచి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాను.